పెళ్ళి క్యాసెట్లకు మోతకూలి

మా ఇంట్లో నలుగురు చేరితే మా బావగారు తప్పకుండా చెప్పే కథ ఒకటుంది. ఆయన తమ్ముడు, అంటే మా ఆయన, నరసరావుపేటలో కేబుల్ నడిపిన రోజుల్లో ఊళ్ళో కలిగినవాళ్ళు తమ పెళ్ళి క్యాసెట్లు టీవీలో వేయించుకోవడానికి ఎదురు డబ్బిచ్చేవారట. అలా గుమ్మం దాకా వచ్చిన డబ్బును నేను నోటి దురుసుతో వెళ్ళగొట్టానట. లేకపోతే ఈపాటికి సత్తెనపల్లి రోడ్డులో మాకు రెండంతస్తుల మేడ ఉండేదట. ఈమధ్య ఆయన పేపర్లో ఇంకోటి చదివారు. ఇప్పుడు పెద్ద పెద్ద ఛానెళ్ళే తమను చూపించమని కేబుల్ వాళ్ళకు డబ్బు కడుతున్నాయని, దాన్ని క్యారేజి ఫీజు అంటారని. ఇక ఆగుతారా?

"చూశావా అమ్మాయ్, మావాడు దీన్ని ఎప్పుడో కనిపెట్టాడు. నువ్వే చెడగొట్టావు" అన్నారు పేపరు నా ముందు పరిచి.

బావగారంటే నాకు గౌరవమే. కానీ ఆ కథలో నా నోరు తప్ప మిగిలినదేదీ నిజం కాదు. నోరు ఉందంటే ఒప్పుకుంటాను. అది లేకపోతే ఆ ఏడాది మా ఆయన మళ్ళీ దాచేపల్లి బస్సెక్కేవారు.

అసలు సంగతి దాచేపల్లి దగ్గరే మొదలవుతుంది. మా పెళ్ళినాటికి మా ఆయన అక్కడ సిమెంటు ఫ్యాక్టరీలో టైమాఫీసు గుమాస్తా. వారానికోసారి ఇంటికి వచ్చేవారు. బస్సు దిగేసరికి కనుబొమల మీద, చెవుల మీద తెల్లటి దుమ్ము. ముప్పై నిండని మనిషి తాతయ్యలా నడిచొస్తుంటే వీధిలో పిల్లలు నవ్వేవాళ్ళు. ఆ దుమ్మునైనా భరించేవారేమో గాని, రోజంతా ఎవరు ఎన్నింటికి వచ్చారో, ఎన్నింటికి పోయారో చూస్తూ కూర్చోవడమంటే ఆయనకు ప్రాణం పోయేది. చేతులకు ఏదో ఒక పని ఉండాలి ఆయనకు. ఉద్యోగం మానేసి బజార్లో వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే కొట్టు పెట్టారు. పక్క కొట్టులో రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసే ఒక సాయిబు ఉండేవాడు. మేమంతా భాయ్ అని పిలిచేవాళ్ళం. ఇద్దరూ కలిసి మా డాబా మీద కోళ్ళగూటికి వాడే ఇనప జాలీతో పెద్ద గొడుగొకటి చేసి, బోర్లించాల్సిన దాన్ని వెల్లకిలా పెట్టారు. ఉపగ్రహం నుంచి దూరదర్శన్ నేరుగా అందులో పడుతుందన్నారు. నేను నమ్మలేదు. పడింది.

అప్పటిదాకా ఊళ్ళో టీవీ ఉన్న ప్రతి ఇంటి మీదా పొడుగాటి పైపు, దానికో యాంటెనా. ఒకరు పైన తిప్పుతుంటే ఇంకొకరు కింద నుంచి "వచ్చె, వచ్చె, పాయె" అని అరవడమే సరిపోయేది. మా గొడుగులోంచి వైరు లాగితే ఆ అరుపుల పని లేదు. దూరదర్శన్ ఆగిన వేళల్లో మా ఆయన వీసీఆర్‌లో సినిమా వేసేవారు. నెలకు ఇంత చందా అని పెట్టి, డాబాల మీదుగా, వేపచెట్ల కొమ్మల మీదుగా వైర్లు పరిచారు. మా మామగారికి ఇదంతా నచ్చలేదు. ఫ్యాక్టరీలో ఆయన స్నేహితుడు ఆఫీసరు. ఏడాది లోపు తిరిగొస్తే అదే కుర్చీ ఇప్పిస్తానన్నాడు. "ఏడాది ఆడుకో. నడిచిందా, నీ ఇష్టం. లేకపోతే మళ్ళీ దాచేపల్లి" అన్నారు మామగారు. ఆ గడువు మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు.

మొదటి నెలల్లో బాగానే నడిచింది. చందాతో వీసీఆర్ అద్దె, వైర్ల ఖర్చు పోను ఇంట్లోకి కాస్త మిగిలేది. కాస్తే. మా ఆయన ముఖం మీద మాత్రం చానా రోజులకు మనిషి రంగు వచ్చింది.

అప్పుడొచ్చాడు బియ్యం మిల్లు ఆసామి. సొంతూరు శావల్యాపురం పక్కన. పొలం అక్కడ, మిల్లు, ఇల్లు ఇక్కడ, రాజకీయం రెండుచోట్లా. కూతురి పెళ్ళి చేసి రెండు వారాలయింది. చంకలో వీడియో క్యాసెట్లు.

"మా అమ్మాయి పెళ్ళికి రాలేకపోయినోళ్ళు చానామంది ఉండారబ్బాయ్. మీ వైరులో ఒకసారి ఎయ్. ఊరికే ఒద్దులే" అన్నాడు.

ఆయన బల్ల మీద పెట్టింది మా వీధి మొత్తం నెల చందాతో సమానం. మా ఆయన ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పారు. "మన వైరు వాళ్ళ పెళ్ళిని మోస్తోంది గదా. ఇది మోతకూలి." ఆ మాట మాకు అలాగే ఉండిపోయింది.

మొదటిసారి వేసినప్పుడు ఊరంతా చూసింది. నేనూ చూశాను, అబద్ధమెందుకు? ఆ పెళ్ళికి మేమూ వెళ్ళాం; భోజనాల పంక్తిలో నా పక్కన కూర్చున్నావిడ కనపడింది, నేను కనపడలేదు. ఆ వీడియో తీసినవాడి మీద నాకు ఇప్పటికీ కోపమే. మర్నాడు పాలవాడి దగ్గర్నుంచి టైలరు దాకా అందరూ ఆ పెళ్ళి మాటే. మిల్లు ఆసామి మీసం తిప్పుకుంటూ బజార్లో తిరిగాడు.

అది చూసి వాళ్ళ ఊళ్ళోనే ఎదుటి పార్టీ ఆయన ఊరుకుంటాడా? ఆయన కొడుకు పెళ్ళి క్యాసెట్లు వచ్చాయి. "ఆళ్ళది ఒకసారి ఏశారంట. మాది రెండుసార్లు ఎయ్యాల. ఆదివారం ఎయ్యాల" అన్నాడు. కూలి పెరిగింది. మిల్లు ఆసామి మళ్ళీ వచ్చి, "ఆళ్ళది రెండా? అయితే మాది ఇంకో రెండు" అన్నాడు. పైగా కొత్త షరతు. మొదటిసారి మా ఆయన క్యాసెట్టు చివర్లో చదివింపులు వచ్చేసరికి ఆపేసి సినిమా వేశారు. ఈసారి చదివింపులు పూర్తిగా పడాలట. ఒక్క పేరు కూడా పోకూడదట. ఎదుటి పార్టీ ఆయనా అదే మాట. ఆ వేసవిలో ముహూర్తాలు జోరుగా ఉన్నాయి. ఈ ఇద్దర్ని చూసి పొగాకు వ్యాపారి, ఎరువుల కొట్టు యజమాని, చుట్టుపక్కల ఊళ్ళ మోతుబరులు వరస కట్టారు.

చదివింపుల సంగతి నేను చెప్పక్కర్లేదు. పందిట్లో ఒక మూల మైకు పట్టుకుని ఒకాయన కూర్చుంటాడు. ఫలానా గారు వెయ్యిన్నూటపదహార్లు, ఫలానా గారు స్టీలు బిందె, ఫలానా గారు గోడ గడియారం అని చదువుతూనే ఉంటాడు. పందిట్లో అది ఎవరికి వినపడుతుంది? సన్నాయి ఒకవైపు, పిల్లల ఏడుపులు ఒకవైపు, సాంబారు కోసం కేకలు ఒకవైపు. ఇచ్చినవాడు తన పేరు వరకు చెవి పెట్టి విని పోతాడు. టీవీలో అలా కాదు. ఇంట్లో చాప మీద కూర్చుని, పక్కన అత్తగారు, వియ్యాలవారు ఉండగా, ప్రతి అక్షరం వినపడుతుంది. ఈ తేడా మా ఇద్దరు మగాళ్ళకూ తట్టలేదు. డబ్బిచ్చే ఆసాములకు తట్టబట్టే ఇచ్చారు.

మా ఆయన మోతకూలిని నమ్ముకుని రెండో వీసీఆర్ తెచ్చారు. రైలుస్టేషను వైపు కొత్తగా వైరు లాగారు. నెల చందాల కోసం ఇళ్ళ చుట్టూ తిరగడం తగ్గించారు. ఎవరింట్లోనైనా బొమ్మ వణుకుతుందని కబురొస్తే, "చూద్దాం లే" అనడం మొదలుపెట్టారు. వీధి మొత్తం ఇచ్చేది ఒక్క పెళ్ళికే వస్తుంటే ఒక్కో ఇంటి గుమ్మం ఎవరెక్కుతారు? నాకు అప్పుడే తిక్క రేగింది. కానీ ఏమని వాదించను? చేతిలో డబ్బు కనపడుతోంది.

ఆ తరవాత భాయ్ భుజాన వైరు చుట్టలతో రావడం మొదలైంది.

"వదినమ్మా, ఇంకో ఇల్లు పాయె" అంటూ చుట్ట వసారాలో పడేసేవాడు.

"ఏమన్నారు?"

"పిల్లలకి పరీక్షలంట."

"మే నెలలో ఏం పరీక్షలు భాయ్?"

"నేనూ అదే అడిగినా. మరి కళ్ళ మంటలు అన్నారు. మొన్నటి ఇంట్లో అయితే ముసలామెకి జపానికి అడ్డంగా ఉందంట. ఆమె జపం చేసేది తెల్లారగట్ట గదా! ఏంది వదినమ్మా, మనం టీవీ వాళ్ళమా, పెళ్ళిళ్ళ బ్యాండు వాళ్ళమా? ఎక్కడికి పోయినా 'ఈపూట ఎవరి పెళ్ళి?' అంటన్నారు నన్ను."

మా ఆయన తేలిగ్గా తీసుకున్నారు. "పోతే పోయినయ్. ఒక్క పెళ్ళికి వీధి మొత్తం చందా వస్తది."

అదే మాట పట్టుకుని ఉండగా మూఢం వచ్చింది. శుక్రమూఢం, దాని వెనకే ఆషాఢం. పల్నాడులో ఎంత రాజకీయం ఉన్నా, ఎన్ని పార్టీలున్నా, మూఢంలో పెళ్ళి చేసే మొనగాడు ఏ పార్టీలోనూ లేడు. పెళ్ళిళ్ళు లేవు, క్యాసెట్లు లేవు, మోతకూలి లేదు. పాత పెళ్ళిళ్ళు మళ్ళీ వేయించుకునేంత ఉత్సాహం డబ్బున్నవాళ్ళలో కూడా మిగల్లేదు. తీరా చందాలకు వెళ్ళబోతే ఇళ్ళేవి? మా వెనక బజారు బజారంతా వైర్లు ఊడిపోయి ఉంది. రెండు వీసీఆర్ల అద్దె మాత్రం మూఢం చూడదు.

మామగారు ఒకరోజు భోజనం చేస్తూ, "దాచేపల్లి ఆయన అడుగుతున్నాడు" అన్నారు. అంతే అన్నారు. మా ఆయన మజ్జిగ పోసుకోకుండానే లేచారు.  నాకు మేడ అక్కర్లేదు, కారు అక్కర్లేదు. ఆ మనిషిని మళ్ళీ ఆ దుమ్ములోకి పంపడం మాత్రం నావల్ల కాదు.

నేనే బయల్దేరాను. ముందు వెనక బజార్లో పిన్నిగారింటికి. ఆవిడ భర్త రిటైరైన మాస్టారు. మొదట్లో వైరు పెట్టించుకున్నవాళ్ళలో వాళ్ళొకరు. పిన్నిగారు అరుగు మీద చేటలో కందిపప్పు పోసుకుని రాళ్ళేరుతోంది.

"ఏం పిన్నిగారూ, వైరు పీకించేశారంట?"

"పిల్లల చదువులు గదమ్మా" అంది తల ఎత్తకుండా.

"మీ పిల్లలు ఉద్యోగాల్లో ఉన్నారుగా! వాళ్ళకింకా ఏం చదువులు?"

ఆవిడకు నవ్వొచ్చింది. చేట పక్కన పెట్టి, "నీ నోటికి దణ్ణమే తల్లీ, కూచో" అంది. కూర్చున్నాక గొంతు తగ్గించింది.

"ఏం చెప్పమంటావు? మా కోడలి పుట్టింటోళ్ళు వచ్చి ఉండారు. అందరం కూచుని మిల్లాయన కూతురి పెళ్ళి చూస్తన్నాం. చదివింపులు మొదలైనయ్. ముందరెవరో వెయ్యిన్నూటపదహార్లు. ఎనకాల ఎవరో ఫ్యాను. ఆ రెంటికీ మధ్యన మీ బాబాయిగారు. ఇరవై ఒక్క రూపాయి. పేరు, ఊరు, చేసిన ఉద్యోగం అన్నీ చదివాడు ఆ మైకోడు, మర్యాదగానే. మా వియ్యపురాలు తల తిప్పి గోడకేసి చూసింది. ఏదన్నా అనేసినా బాగుండేది."

"అయ్యో."

"ఒకసారైతే పోనీలే అనుకుంటాం. ఎన్నిసార్లు ఏశారే? ఆఖరుసారి మీ బాబాయే లేచి టీవీ కట్టేశాడు. 'నెలనెలా డబ్బులు కట్టి మరీ ఇంటికి తెప్పించుకుంటన్నానే ఈ పరువు' అన్నాడు. మర్నాడు భాయ్‌ని పిలిచి పీకెయ్యమన్నాం. మేమే కాదు, ఈ బజార్లో అందరిదీ ఇదే కత. ఎవురూ చెప్పరు. ఎట్టా చెప్పుకుంటారు?"

మాస్టారు కట్టిన చందాతో ఆయన ఇంట్లోనే ఆయన్ను చిన్నబుచ్చాం. ఒకే క్యాసెట్టుకు మేము రెండువైపులా డబ్బు తీసుకున్నాం. చూపించమన్నవాడి దగ్గరా, చూసినవాడి దగ్గరా. చూపించమన్నవాడు ముహూర్తాలు ఉన్నన్నాళ్ళే వస్తాడు. చూసేవాడు మూఢంలో కూడా ఉంటాడు. ఇంటికి వచ్చి ఇదే చెప్పాను. మా ఆయన, భాయ్ ఇద్దరూ వసారాలో వైర్లు సర్దుతున్నారు.

"ఏమే, వ్యాపారం సంగతి నీకేం తెలుసే?" అన్నారు మా ఆయన.

"నేను చదివింది ఎకనామిక్స్."

"నీ పుస్తకంలో మూఢం ఉందా?"

"లేదు. మీ లెక్కలోనూ లేదు."

భాయ్ నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు నటించాడు. మా ఆయన అతని వైపు కోపంగా చూసి, చివరికి తనూ నవ్వారు. ఆ నవ్వు చూశాక నాకు ధైర్యం వచ్చింది. ఇక మీదట ఏ పెళ్ళయినా ఒక్కసారే వెయ్యాలి, గంటకు మించకూడదు, చదివింపులు అసలు పడకూడదు, మోతకూలి ఎవరికైనా ఒకటే అన్నాను. అప్పటిదాకా తీసుకున్నదాంట్లో అది నాలుగో వంతు కూడా కాదు. మా ఆయన ఒప్పుకోలేదు. రెండు రోజులు వాదించుకున్నాం. మూడోరోజు ఒక వీసీఆర్ తీసుకెళ్ళి అద్దెకిచ్చినవాళ్ళకు తిరిగి ఇచ్చేసి వచ్చారు. ఒప్పుకున్నానని మాత్రం ఇప్పటిదాకా అనలేదు.

శ్రావణం వచ్చింది. మిల్లు ఆసామి రెండో కూతురి పెళ్ళి చేశాడు, క్యాసెట్లు పట్టుకుని కొట్టుకొచ్చాడు. ఆ పూట నేనక్కడే ఉన్నాను. బావగారు చెప్పినట్టు యాదృచ్ఛికంగా కాదు, కావాలనే ఉన్నాను. మా ఆయన కొత్త పద్ధతి చెప్పారు.

"చదివింపులు లేకుండా పెళ్ళేంది?" అన్నాడు ఆసామి. "దానికే గదా నేను డబ్బులిచ్చేది! మా మీద ఎవరికెంత గౌరవం ఉందో ఊరు చూడొద్దా?"

"చూసింది పెదనాన్నగారూ" అన్నాను. "చూసి వైర్లు పీకేసింది."

ఆయన నా వైపు తిరిగాడు. "మగోళ్ళు మాట్లాడుకుంటంటే నువ్వేందమ్మా?"

"మీ ఇంట్లో కూడా మీరు మాట్లాడుతుంటే పెద్దమ్మగారు నోరు మూసుకునే ఉంటారా?"

కొట్లో ఉన్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆయనకూ పెదవి చివర కదిలింది గాని వెంటనే బిగబట్టుకున్నాడు.

"నా డబ్బులు నేనిస్తన్నా. మీ కష్టమేంది?"

"ఇవ్వండి. ఎవరికి చూపించమంటారు? మీ పెళ్ళిలో పదీ ఇరవై చదివించినవాళ్ళే మా ఇళ్ళవాళ్ళు. వాళ్ళు పోయారు. ఇప్పుడు మీ చదివింపులు వేస్తే మా డాబా మీద గొడుగు, మీ వీధిలో కరెంటు స్తంభాలు చూడాలి. వాటికి చూపించడానికి అంత డబ్బెందుకు?"

"ఎన్ని ఇళ్ళు పొయ్యినయ్యేంది?" అన్నాడు భాయ్ వైపు తిరిగి.

"మీ ఎదురుగ్గా ఉన్న వరస మొత్తం పెద్దాయనా. మీ తమ్ముడి గారి ఇల్లు కూడా."

 తమ్ముడి మాట వినగానే ఆయన క్యాసెట్లు చంకలో పెట్టుకుని, "నోరున్న ఆడదాంతో యాపారం ఎట్టా చేస్తన్నావయ్యా?" అని మా ఆయన్ను అడిగి వెళ్ళిపోయాడు. సొంతంగా కేబుల్ పెడతానని బజారంతా చెప్పాడు, పెట్టలేదు. బావగారి కథ పుట్టింది ఆ బజారు మాటల్లోంచే.

పెద్ద ఆసాములు రావడం అంతటితో తగ్గింది. కానీ చిన్నవాళ్ళు వచ్చారు. బస్సు కండక్టరు కూతురి పెళ్ళి, టైలరు కొడుకు పెళ్ళి, భాయ్ చెల్లెలి నిఖా. గంటసేపు, ఒక్కసారి, అందరికీ ఒకటే కూలి. మా ఆయన మళ్ళీ నిచ్చెన భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగి, వణికే బొమ్మలు సరిచేసి, వదులైన వైర్లు బిగించడం మొదలుపెట్టారు. ఒక్కొక్క ఇల్లే వెనక్కి వచ్చింది. ఆదివారం పొద్దున పురాణ సీరియలు బొమ్మ తేటగా రావడం వల్లే వచ్చారని మా ఆయన ఇప్పటికీ అంటారు. అననివ్వండి. మామగారి గడువు రోజు మధ్యాహ్నం ఆయన స్టేషను దగ్గర ఎవరి డాబా మీదో ఉన్నారు. అన్నానికి రమ్మని కబురు పెట్టినా రాలేదు. మామగారే క్యారియరు పట్టుకుని వెళ్ళారు. వచ్చి, "పైనుంచి దిగనే దిగడు వాడు" అన్నారు. ఆ మాటలో కోపం లేదు. దాచేపల్లి ఊసు మళ్ళీ మా ఇంట్లో రాలేదు. మేడా రాలేదు. ఆ సంపాదనతో పిల్లల్ని చదివించుకున్నాం, అటకలు వేయించుకున్నాం, ఒకసారి అందరం కలిసి ఎత్తిపోతల జలపాతం చూసొచ్చాం. నాకు సరిపోయింది.

పిన్నిగారు మాత్రం అందరికన్నా ఆలస్యంగా వైరు పెట్టించుకుంది, అదీ మొదటి నెల చందా వదిలేస్తేనే. వదిలేశాం. తరవాతి వారం కండక్టరు గారి కూతురి పెళ్ళి వేశాం. మర్నాడు పొద్దున్నే ఆవిడ మా వాకిట్లోకి వచ్చింది. మెచ్చుకుంటుందని చూశాను.

"ఏందమ్మాయ్, చదివింపులన్నీ తీసేశారు? ఆ ఎదురింటాయన ఎంత రాయించాడో చూద్దామని పనులన్నీ పక్కనబెట్టి కూచున్నా!"

  ఆవిడ వెళ్ళిపోయాక గాని అడగాల్సింది గుర్తు రాలేదు. నా నోటికి అలా ఆలస్యమైనవి తక్కువ. ఆ తరవాత ఎన్నో ఏళ్ళు పక్కపక్క వీధుల్లోనే ఉన్నాం, ఎన్నో సార్లు కలుసుకున్నాం, మాస్టారు ఎప్పుడూ పక్కనే ఉండేవారు కాబట్టి అడగలేకపోయాను. బావగారితో వాదించేటప్పుడల్లా ఇళ్ళు పోయింది చదివింపుల వల్లేనన్న నా వాదనంతా ఆవిడ జవాబు మీదే ఆధారపడి ఉందని నాకు తెలుసు. ఆ క్యాసెట్లో మీ ఆయన పేరు లేకుండా, ఎదురింటాయన ఇరవై ఒక్క రూపాయే ఉండి ఉంటే, ఆ వైరు పీకించేవారా పిన్నిగారూ?